సీసా మూతల చెకర్స్: ఆడే ప్రోగ్రామ్ రాయడం, అది బాగుపడిందో లేదో నాలుకతో నేర్చుకున్న పద్ధతిలో తేల్చుకోవడం

హన్మకొండలో మా మేనమామ ఇంటి వరండాలో ఒక చదరంగం బల్ల ఉంటుంది. దాని మీద చదరంగం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. సీసా మూతలతో చెకర్స్ ఆడతాడు. పన్నెండు మూతలు బోర్లా, పన్నెండు వెల్లకిలా. కాయ రాజైతే మూత మీద మూత. పుస్తకాల్లో దీన్నే డ్రాఫ్ట్స్ అంటారు. ఒక ఆదివారం నేను రాసిన ప్రోగ్రామ్‌ని లాప్‌టాప్‌లో ఆయన ముందు పెట్టాను. పావుగంటలో ఓడగొట్టాడు.

"అల్లుడా, నీ మిషిన్‌కు తినుడు తప్ప ఏం తెల్వది. ఒకటి ఇస్త రా అంటే ఉరికొస్తది, ఆయింత నేను రెండు తింట" అన్నాడు.

ఆయన ఒక్క ముక్కలో చెప్పిన ఆ జబ్బు పేరేంటో, మందేంటో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల పని ఇది. ఏదో ఒక భాషలో లూపులు, ఫంక్షన్లు రాయడం వస్తే చాలు. పైథాన్ అయినా పర్వాలేదు, సీ అయితే ఇంకా వేగం.

మొదటి అడుగు: ఏ ఆటో తేల్చుకోండి

చెకర్స్ అంటే ఒక్క ఆట కాదు. అంతర్జాతీయ డ్రాఫ్ట్స్‌లో బల్ల 10×10, చెరొక 20 కాయలు. రష్యన్ ఆట 8×8 మీదే గానీ కాయ వెనక్కి కూడా కొడుతుంది, రాజు ఎంత దూరమైనా ఎగురుతుంది. మనం రాసేది ఇంగ్లిష్ డ్రాఫ్ట్స్, అమెరికన్లు చెకర్స్ అనేది. మామ ఆడేదీ ఇదే. 8×8 బల్ల, నల్ల గడులు 32 మాత్రమే పనికొస్తాయి, చెరి 12 కాయలు. ముదురు రంగు వాళ్ళు ముందు ఆడతారు. కాయ ఐమూలగా ముందుకే కదులుతుంది, ముందుకే కొడుతుంది. రాజు అటూ ఇటూ కదులుతుంది గానీ ఒక్క గడే.

మూడు నియమాల దగ్గర అందరం తప్పు చేస్తాం. కొట్టే అవకాశం ఉంటే కొట్టి తీరాలి. ఒకసారి మొదలుపెడితే వరసగా కొట్టగలిగినన్నీ కొట్టాలి, కానీ రెండు దారులుంటే ఎక్కువ కాయలొచ్చే దారే పట్టాలనేం లేదు. కొడుతూ కొడుతూ చివరి వరసకి చేరి రాజైన కాయ అక్కడే ఆగాలి, ఆ దూకుడులో మళ్ళీ వెనక్కి కొట్టకూడదు. ఇక ఎత్తు లేనివాడు ఓడినట్టే, కాయలెన్ని ఉన్నా సరే.

రెండో అడుగు: బల్లని సంఖ్యలుగా మార్చడం

నల్ల గడులకి 1 నుంచి 32 దాకా సంఖ్యలుంటాయి. పై వరసలో 1, 2, 3, 4, దాని కింద 5 నుంచి 8, అలా. చిక్కేంటంటే గడులు వరసకొకలా జరిగి ఉంటాయి. ఒక వరసలో ఐమూల గడి 4 లేదా 5 దూరంలో ఉంటే, తర్వాతి వరసలో 3 లేదా 4. ప్రతిసారీ "ఇది సరి వరసా, బేసి వరసా" అని అడుగుతూ కూర్చుంటే కోడంతా చిందరవందర అవుతుంది.

దీనికి ఐబీఎంలో ఆర్థర్ శామ్యూల్ 1950లలోనే ఒక అందమైన ఉపాయం కనిపెట్టాడు. ప్రతి ఎనిమిది గడుల తర్వాత ఒక ఉత్తుత్తి గడి పెట్టాడు. అంటే 1–8 అలాగే ఉంటాయి. 9 వదిలేసి, అసలు 9–16 గడుల్ని 10–17గా రాస్తాం. 18 వదిలేస్తాం, 17–24 వెళ్ళి 19–26 అవుతాయి. 27 వదిలేస్తాం, 25–32 వెళ్ళి 28–35 అవుతాయి. ఇప్పుడు బల్ల మీద ఏ గడి నుంచైనా నలుపుకి ముందుకి +4, +5, వెనక్కి −4, −5. తెలుపుకి దీన్ని తిరగేస్తే సరి. అంతే, సరి బేసి గొడవ లేదు.

నమ్మకం లేకపోతే చేత్తో చూడండి. అసలు 5వ గడి అంచున ఉంది, ముందుకి 9వ గడికే పోగలదు. కొత్త సంఖ్యల్లో 5+4 = 9, అది ఉత్తుత్తి గడి కాబట్టి కుదరదు. 5+5 = 10, అంటే అసలు 9. సరిపోయింది. నాకు మొదటిసారి ఇది అర్థమైన రాత్రి నిద్ర పట్టలేదు. అంచులు కాపలా కాయాల్సిన పని అంకెలే చూసుకుంటున్నాయి!

కోడ్‌లో 46 గదుల పట్టిక తీసుకోండి. గడి సంఖ్యలోంచి 1 తీసి 8తో భాగించి, వచ్చిన పూర్ణాంకాన్ని గడి సంఖ్యకే కలపండి, ఆపైన ఇంకో 5 కలపండి. అదే దాని చోటు. మిగిలిన గదులన్నిటిలో "బల్ల బయట" అనే గుర్తు పెట్టండి. 5 ఎందుకు కలిపామంటే, అంచు నుంచి ఒక అడుగు బయటికి చూసినా పట్టిక దాటి పోకూడదని. తర్వాత వేగం కావాలనిపిస్తే 32 బిట్ల అంకెలు మూడింటితో (నల్లవి, తెల్లవి, రాజులు) తిరగరాసుకోవచ్చు. ముందే ఆ జోలికి వెళ్ళకండి.

మూడో అడుగు: ఎత్తులు పుట్టించడం, లెక్క సరిచూడటం

ముందు కొట్టే ఎత్తులన్నీ వెతకండి. ఒక్కటి దొరికినా మామూలు ఎత్తులు చూడక్కరలేదు. వరస దూకుళ్ళకి రికర్షన్ (ఫంక్షన్ తనని తనే పిలుచుకోవడం) వాడండి. దూకే కాయ బయల్దేరిన గడిని ఖాళీగా లెక్కేయాలి, లేకపోతే గుండ్రంగా తిరిగి మొదటి చోటికే వచ్చే రాజు దారి మూసుకుపోతుంది. కొట్టిన కాయని మళ్ళీ కొట్టకుండా చూడాలి.

ఇది సరిగ్గా రాశామో లేదో కళ్ళతో తేలదు, లెక్క పెట్టాలి. మొదలు స్థితి నుంచి ఇన్ని ఎత్తుల లోతుకి మొత్తం ఎన్ని దారులున్నాయో లెక్కించే పరీక్షని పర్ఫ్ట్ అంటారు. ఒక ఎత్తుకి 7 దారులు. ఇది చేత్తోనే చూడొచ్చు: 9 నుంచి రెండు, 10 నుంచి రెండు, 11 నుంచి రెండు, అంచున ఉన్న 12 నుంచి ఒకటి. తర్వాత వరసగా 49, 302, 1,469, 7,361, 36,768, 1,79,740, 8,45,931, 39,63,680, పదో లోతుకి 1,83,91,564. మీ ప్రోగ్రామ్ ఇవే అంకెలు చెప్పాలి. ఒక్కటి తేడా వచ్చినా ముందుకి కదలొద్దు. "దాదాపు సరిపోయింది" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఒక జాగ్రత్త. మొదటి కొన్ని లోతుల్లో రాజులు పుట్టనే పుట్టవు. కాబట్టి ఈ అంకెలు సరిపోయినా రాజుల కోడ్‌లో తప్పులు దాక్కోవచ్చు. రాజులతో నాలుగైదు స్థితులు మూతలు పేర్చి, ఎత్తులు కాగితం మీద రాసుకుని పోల్చండి. ఆ పేర్చే పని ఇంట్లో పెద్దవాళ్ళకి అప్పగిస్తే మనకి తోచని స్థితులు పెడతారు.

నాలుగో అడుగు: ముందుచూపు

నేను ఇలా ఆడితే వాడు ఇలా ఆడతాడు, అప్పుడు నేను ఇలా. దీన్నే మినీమాక్స్ అంటారు. నా వంతులో నాకు అత్యంత లాభమైనది, వాడి వంతులో నాకు అత్యంత నష్టమైనది ఎంచుకుంటూ పోవాలి. నాకు మంచిదైతే వాడికి అంతే చెడ్డది గనుక, ఒకే ఫంక్షన్ రాసి ప్రతి మెట్టులో గుర్తు తిప్పేస్తే సగం కోడ్ తగ్గుతుంది.

పైన అంకెలు చూస్తే ఒక్కో లోతుకి పని ఐదింతలు పెరుగుతోంది. దాన్ని నరికే కత్తి ఆల్ఫా-బీటా. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఒక్క పెద్ద లోపం బయటపడితే మిగతా వివరాలు ఎవరూ అడగరు కదా, అలాగే. నేను ఆడబోయే ఎత్తుకి ప్రత్యర్థి దగ్గర నా కొంప ముంచే జవాబు ఒక్కటి దొరికితే చాలు, అక్కడ ఇంకెన్ని జవాబులున్నాయో చూడక్కరలేదు. ఎత్తుల్ని మంచివి ముందు వచ్చేలా పేర్చగలిగితే, పదో లోతులో ఒక కోటీ ఎనభై మూడు లక్షల చివరి స్థితుల బదులు తొమ్మిది వేల దరిదాపుల్లోనే పని ముగుస్తుంది. అది ఆదర్శం, చేతికొచ్చేది అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పేర్చడానికి సులువైన దారి: లోతు 1, తర్వాత 2, తర్వాత 3 అంటూ పెంచుకుంటూ పోయి, కిందటి సారి నెగ్గిన ఎత్తుని ఈసారి ముందు చూడటం. చూసిన స్థితుల్ని దాచుకునే పట్టిక, దానికి ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పిన హాష్ పద్ధతి (స్థితిని ఒక అంకెగా కుదించడం) తర్వాత చేర్చుకోవచ్చు.

ఇప్పుడు మామ చెప్పిన జబ్బుకి వద్దాం. ఆట 11–15తో మొదలైంది. తెలుపు 22–18 జరిపింది. నలుపు కొట్టి తీరాలి: 15 నుంచి 18 మీదుగా 22కి. లోతు 3 దగ్గర ఆపితే ప్రోగ్రామ్ ఇక్కడే కళ్ళు మూసుకుంటుంది. "ఒక కాయ లాభం" అని సంబరపడుతుంది. నాలుగో ఎత్తులో తెలుపు 25 నుంచి 18కో, 26 నుంచి 17కో దూకి ఆ కాయని తినేస్తుంది. లాభం సున్నా. బేసి లోతులో అత్యాశ, సరి లోతులో పిరికితనం. మా ప్రోగ్రామ్ ఉరికురికి పోయింది ఇందుకే.

మందు ఒక్క వాక్యం: కొట్టే ఎత్తు మిగిలి ఉండగా లెక్క ఆపొద్దు. లోతు అయిపోయినా సరే, బల్ల నెమ్మదించేదాకా ముందుకెళ్ళాలి. చెకర్స్‌లో కొట్టక తప్పదు కాబట్టి ఇది చవక కూడా, దారులు ఎక్కువ చీలవు. ఈ నాలుగు లైన్లు చేర్చాక మళ్ళీ మామ దగ్గరికి వెళ్తే, గెలవడానికి ఆయనకి ముప్పావుగంట పట్టింది.

లోతుతోనే అన్నీ అయిపోతాయని మాత్రం అనుకోకండి. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షెఫర్ బృందం 1989లో చినూక్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. 1990లో చెకర్స్ ప్రపంచ చాంపియన్ మారియన్ టిన్‌స్లీతో ఒక ఆటలో అది పదో ఎత్తు ఆడగానే, దీనికి పశ్చాత్తాపపడతావని ఆయన అక్కడికక్కడే అనేశాడు. ఇరవై ఆరు ఎత్తుల తర్వాత అది చేతులెత్తేసింది. 1992 పోటీలో టిన్‌స్లీ 4–2తో గెలిచాడు, 33 ఆటలు డ్రా. 1994లో ఆరు ఆటలూ డ్రా అయ్యాక ఆయన ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నాడు. 2007కి షెఫర్ బృందం తేల్చిందేంటంటే, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఈ ఆట డ్రానే. మొత్తం స్థితులు 5 పక్కన 20 సున్నాలు. మన లాప్‌టాప్ ఆ పని చేయలేదు గనుక, లోతు అయిపోయిన చోట బల్ల చూసి "ఇది బాగుంది, ఇది బాలేదు" అని చెప్పే రుచి దానికి నేర్పాలి.

ఐదో అడుగు: రుచి నేర్పడం

ప్రతి స్థితికి ఒక అంకె. కాయకి 100, రాజుకి 130తో మొదలుపెట్టండి. తర్వాత చిన్న చిన్న మార్కులు. నలుపుకి 1, 3 గడుల్లో, తెలుపుకి 30, 32 గడుల్లో కాయలు కదలకుండా ఉంటే ప్రత్యర్థికి రాజు కావడం కష్టం, దాన్నే బ్రిడ్జ్ అంటారు. దానికో పది. మధ్య గడుల్లో కాయలకి కొంచెం. కాయలు ఎక్కువున్న వాడికి బల్ల ఖాళీ అయ్యేకొద్దీ కొంచెం, ఎందుకంటే పన్నెండుకి పదకొండు కన్నా మూడుకి రెండు ఎక్కువ తేడా. ఇది లేకపోతే మీ ప్రోగ్రామ్ గెలిచే ఆటలో కూడా రాజుల్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటుంది, అవతలివాడు ఆవులిస్తాడు. తొందరగా వచ్చే గెలుపుకి ఎక్కువ మార్కులు, అదే స్థితి మళ్ళీ మళ్ళీ వస్తే డ్రా అనే లెక్క కూడా పెట్టండి.

శామ్యూల్ ఈ మార్కుల్ని ప్రోగ్రామ్ తనే దిద్దుకునేలా చేశాడు. ఒకే ప్రోగ్రామ్‌కి రెండు ప్రతులు, వాటి పేర్లు ఆల్ఫా, బీటా (పైన చెప్పిన ఆల్ఫా-బీటా కత్తికీ వీటికీ సంబంధం లేదు). ఆల్ఫా ఆడుతూ మార్కులు మార్చుకుంటుంది, బీటా పాత మార్కులతోనే ఆడుతుంది, ఆల్ఫా గెలిస్తే బీటాకి కొత్తవి వస్తాయి. ఆ వ్యాసం 1959లో వచ్చింది. మెషిన్ లెర్నింగ్ అనే మాట వాడుకలోకి వచ్చింది దాంతోనే. మన కాజీపేట దారిలో ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీకి, అంటే ఇప్పటి నిట్‌కి, నెహ్రూ శంకుస్థాపన చేసిన సంవత్సరం కూడా అదే.

ఇక్కడ నేను పడ్డ గుంత చెప్తాను. బ్రిడ్జ్ మార్కులు చేర్చాను. రెండు ఆటలు ఆడితే రెండూ నా మీద గెలిచింది. ఎంత బాగా ఆడుతోందో అని మురిసిపోయి పాతది చెరిపేశాను. నిజానికి తెలుపు వైపు గుర్తు తిరగబడింది, తన బ్రిడ్జ్‌ని తనే కూల్చుకోవడానికి మార్కులు వేసుకుంటోంది. నేను ఓడింది అది బాగుపడి కాదు, నేను అలిసిపోయి. అందుకే బల్లని తిప్పి చూడండి: ప్రతి కాయనీ n నుంచి 33−n గడికి మార్చి, రంగులు తారుమారు చేసి, వంతు కూడా అవతలివాడికి ఇస్తే, వచ్చే అంకె (ఎప్పుడూ నలుపు వైపు నుంచే లెక్కేస్తే) అంతే ఉండి గుర్తు మాత్రం మారాలి. వెయ్యి యాదృచ్ఛిక స్థితుల మీద ఈ పరీక్ష నడపడానికి రెప్పపాటు చాలు.

ఆరో అడుగు: బాగుపడిందా, బాగుపడినట్టు అనిపించిందా

దీనికి జవాబు నాకు ప్రోగ్రామింగ్ పుస్తకంలో దొరకలేదు, బీరు గ్లాసు దగ్గర దొరికింది. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో విలియం సీలీ గాసెట్ అనే ఉద్యోగి ఉండేవాడు. బ్రూవరీలో పరీక్షలు కొద్దిగానే చేయగలరు, ఆ కాసిన్ని అంకెలతో ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ఆయన ప్రశ్న. సంస్థ సొంత పేరుతో రాయనివ్వదు గనుక 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో జవాబు అచ్చువేశాడు. మనం డిగ్రీలో బట్టీ పట్టిన స్టూడెంట్ టీ టెస్ట్ అదే.

నేర్చుకోవాలంటే చేసి చూడటమే మేలు. మేం నలుగురం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే చోట, రుచి పరీక్ష చేశాం. బండి వద్దనే రైలు. తెలంగాణలో 21 ఏళ్ళు నిండినవాళ్ళకే ఇది. తాగనివాళ్ళు రెండు రకాల చాయ్‌తో చేసినా పరీక్ష అదే పరీక్ష.

ముందు రుచులు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే నాలుకకి పట్టు దొరుకుతుంది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. కొద్దిగా వేపితే రొట్టె, ఇంకా వేపితే మాడిన బెల్లం, నల్లగా వేపితే కాఫీ డికాషన్. హాప్స్ పువ్వుల్ని ఎక్కువసేపు మరిగిస్తే చేదు, చివర్లో వేస్తే నిమ్మతొక్క, మామిడి లాంటి వాసన. జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి గానీ అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు, రెండూ ఈస్ట్ చేసే పని. బెల్జియన్ విట్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మా వాళ్ళలో ఒకడు మొదటి గుక్కకే "ఇందులో మా అమ్మ చారు వాసన ఉంది" అన్నాడు. సరిగ్గానే పట్టాడు. వెన్న వాసన వస్తే అది డయాసిటైల్, చాలా రకాల్లో లోపం కింద లెక్క. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. ఐసులోంచి తీసింది తీసినట్టు తాగితే ఇవేవీ తెలియవు, పది నిమిషాలు ఆగండి.

ఇప్పుడు పరీక్ష. దగ్గర దగ్గరగా ఉండే రెండు బీర్లు తీసుకోండి. మూడు స్టీలు గ్లాసుల్లో రెండింట్లో ఒకటి, మూడోదాంట్లో రెండోది, ఒక్కో గుక్క చొప్పున పోయాలి. స్టీలు ఎందుకంటే రంగు కనబడితే నాలుక పని కళ్ళు చేసేస్తాయి. పోసినవాడు వేరు, రుచి చూసేవాడు వేరు. ఏ గ్లాసు ఎక్కడన్నది చీటీ తీసి నిర్ణయించండి. వేరేది ఏదో చెప్పాలి, అంతే. మధ్యలో నీళ్ళు, ఉప్పు లేని మురుమురాలు. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. నలుగురు తలా మూడుసార్లు చేస్తే పన్నెండు. పన్నెండులో నాలుగు సరిగ్గా చెప్తే ఏమీ తెలియనట్టే. 8 వస్తేనే తేడా నిజంగా తెలుస్తోందని నమ్మొచ్చు. 7 చాలదు. మాకు ఆరు వచ్చాయి. అంతకుముందు అరగంట సేపు ఆ రెండింటి తేడా గురించి మేం చేసిన వాదన తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

తిరుగు రైల్లోనే ప్రోగ్రామ్‌కి ఇదే పద్ధతి రాసుకున్నాను. పాతది చెరపకండి, ప్రతి వెర్షన్నీ దాచండి. ఒకసారికి ఒక్క మార్పే. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదానితో ఒకటి ఆడించండి, ఒక్కో ఎత్తుకి ఇద్దరికీ ఒకే సమయం. లోతు సమానంగా పెట్టొద్దు, కొత్త మార్పు ప్రోగ్రామ్‌ని నెమ్మది చేస్తే ఆ నష్టం దాక్కుంటుంది. ప్రతిసారీ మొదటి నుంచి ఆడిస్తే అదే ఆట మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందుకని మొదటి మూడు ఎత్తులు చీటీ తీసి పెట్టండి. పెద్ద పోటీల్లో మనుషులకీ ఇదే పద్ధతి. ఒక్కో చీటీకి రెండు ఆటలు, రంగులు మార్చి. మూడెత్తుల దారులు 302 అని పర్ఫ్ట్ చెప్పింది కదా, కొదవ లేదు.

డ్రాలు లేవనుకుంటే, సమానమైన రెండు ప్రోగ్రాములు 100 ఆటలాడినా 40 నుంచి 60 దాకా ఎటైనా ఊగొచ్చు. 55–45 వస్తే మిఠాయి పంచకండి. 60 దాటితే ఇంకో వంద ఆడించండి. చెకర్స్‌లో డ్రాలు ఎక్కువ కాబట్టి ఊపు కాస్త తక్కువే ఉంటుంది గానీ, తేడా తేలడానికి ఆటలూ ఎక్కువే కావాలి. ఒక్కో ఎత్తుకి సెకనులో పదో వంతు ఇచ్చి రాత్రి నడిపిస్తే పొద్దున్నకి వందలు అయిపోతాయి. నా బ్రిడ్జ్ మార్కులు, గుర్తు సరిచేశాక, ఈ పరీక్షలో నెగ్గాయి. ఎంతో ఇష్టపడి రాసిన మధ్య గడుల మార్కులు నెగ్గలేదు, తీసేశాను.

మొన్న సద్దుల బతుకమ్మ రోజు, ఆడవాళ్ళంతా వేయిస్తంభాల గుడికి పోయాక, మామ, నేను, లాప్‌టాప్ మిగిలాం. ఆట గంటంపావు సాగింది. చివరికి రెండు రాజులకి రెండు రాజులు, డ్రా. ఒక్క ఆటతో ఏదీ తేలదు మామా, కనీసం వంద ఆడాలి అన్నాను.

"గట్లనా? అయితే ఇంకా తొంభై తొమ్మిది బాకీ" అని మూతలు మళ్ళీ బోర్లించడం మొదలుపెట్టాడు.